అరవై బటన్లకూ ఒకటే పేరు

కెలమంగలంలో బైరప్ప పొద్దున లేస్తానే పట్టుపురుగుల ఇంట్లోకి పోతాడు. చూపు పోయి మూడేళ్లయింది, అయినా ఆయన పనికేం కొదవ లేదు. చెయ్యి తగిలితే చాలు, ఏదైనా తన పేరు తానే చెప్తుంది. తట్ట 'తట్ట' అంటుంది. కొడవలి 'కొడవలి, పదును ఇటు పక్క' అంటుంది. మనిషిని తాకితే మనిషి పేరు. ఊళ్లో దీన్నెవరూ వింతనుకోలేదు. చెంబుకు మాత్రం గొంతు ఎక్కువని భార్య నంజమ్మకు విసుగు.

కూతురు అంబికది హోసూరులో ఉద్యోగం. చూపు లేనివాళ్లు కూడా వాడుకునేట్టు వెబ్‌సైట్లు ఉన్నాయా లేదా అని అక్కడొక ప్రోగ్రామ్ తనిఖీ చేస్తుంది. అది ఎర్రగా చూపించినవన్నీ సరిచేసి పచ్చగా మార్చడం అంబిక పని. పోయిన నెల ఒక కంటి ఆసుపత్రి వెబ్‌సైట్ వచ్చింది. అరవై బటన్లు, ఒక్కదానికీ పేరు లేదు. పేరు లేకుంటే, చూపు లేనివాళ్లు వేలు పెట్టినప్పుడు ఫోను ఏమని చదివి వినిపిస్తుంది? ఆ ప్రోగ్రామ్‌కేమో పేరంటూ ఉంటే చాలు, ఏం పేరన్నది దానికక్కర్లేదు. ఆఫీసులో పైనున్న శశికుమార్ సారు సాయంత్రంలోగా కావాలని నెత్తిన కూర్చున్నాడు. అంబిక అరవైకీ 'బటన్' అని పెట్టేసింది. ప్రోగ్రామ్ నూటికి నూరు ఇచ్చింది. ఇంటికొచ్చి నాయనకు గొప్పగా చెప్పుకుంది కూడా, పిచ్చిపిల్ల.

ఆ ఆసుపత్రిలోనే బైరప్ప రెండేళ్లుగా దానమిచ్చిన కన్ను పెట్టే ఆపరేషన్ కోసం వరసలో ఉన్నాడు. మొన్న గురువారం ఫోనుకు కబురొచ్చింది. కన్ను దొరికింది, మధ్యాహ్నం పన్నెండు లోపల వెబ్‌సైట్లో ఒప్పుకోవాలి, లేదంటే తర్వాతివాళ్లకు పోతుంది. నంజమ్మ మల్బరీ తోటలో ఉంది. అంబిక మీటింగులో ఉండి ఫోను తీయలేదు. తర్వాత జరిగింది ఆమె సాయంత్రం ఇంటికొచ్చి విన్నదే. కూతురు చూసిన వెబ్‌సైటే కదా, భయమెందుకని నాయన తానే తెరిచాడు. ఫోను 'బటన్' అని చదివింది. వేలు పక్కకు జరిపితే మళ్లీ 'బటన్.' పన్నెండు కావస్తోంది. దేవుడి మీద భారం వేసి ఒకటి నొక్కాడు. అది వద్దని చెప్పే బటన్.

అంబిక ఆసుపత్రికి ఫోన్ చేసి ఏడ్చింది, కాళ్లు పట్టుకుంటానంది. అవతలామె మంచిదే పాపం, కన్ను అప్పటికే కృష్ణగిరిలో ఎవరికో ఇచ్చేసినామని, మళ్లీ వరసలో మొదటినుంచి రావాలని చెప్పింది. చేసేదేమీ లేదు.

"ఆ పేర్లన్నీ నేనే పెట్టినాను నాయనా," అంది అంబిక.

బైరప్ప తిట్టలేదు. తిట్టినా బాగుండేది. "నూటికి నూరు ఇచ్చిందంటివి కదమ్మా," అని మాత్రం అని, నీళ్లకోసం చెయ్యి చాచాడు.

చెంబు 'బటన్' అంది. మంచమూ అంతే, గోడా అంతే. పొయ్యి కూడా 'బటన్' అనేసరికి ఆయన అరచెయ్యి కాలింది. నంజమ్మ ఒక్కొక్కదాన్నీ బతిమాలింది, గదమాయించింది. ఏదీ మాట మార్చలేదు.

తెల్లారి అంబిక పనికి పోలేదు. ఆ మరుసటి రోజూ పోలేదు. పురుగుల ఇంట్లో నాయనకు ముందు నడుస్తూ, ఆయన చెయ్యి పడేలోగా తానే చెప్తూ వచ్చింది. "గడప, నాయనా. ఇది తట్ట. ఆకు ఈడుంది."

ఒకచోట కళ్లు తుడుచుకోవడానికి ఆగి, చెప్పడం మరిచిపోయింది. పక్కనే నంజమ్మ కూడా పురుగులకు ఆకు వేస్తోంది. నాయన చాచిన చెయ్యి వచ్చి అంబిక భుజం మీద ఆగింది.

'బటన్' అంది భుజం.

"నంజమ్మా, నువ్వా?" అని అడిగాడు బైరప్ప.