తలుపు దగ్గర సార్జెంట్

సుందర్ రాజ్ స్పానర్‌తో ఓడ రేకు మీద రెండు దెబ్బలు కొట్టి చెవి ఒగ్గాడు. కిందనుంచి రెండు దెబ్బలు తిరిగొచ్చాయి. ట్యాంకు లోపల వెల్డింగ్ చేస్తున్న బావమరిది రిచర్డ్ బాగానే ఉన్నాడన్నమాట.

ట్యాంకులోకి మనిషి దిగేంత కంత పక్కన నిలబడటమే సుందర్ రాజ్ ఉద్యోగం. లోపలివాడు పైకొచ్చేదాకా కదలకూడదు. యాభై దాటిన మనిషి. ఎండకు కమిలిన మెడ, పెయింటు చుక్కలు పడ్డ బూట్లు, మోకాలికి పట్టీ. రేవులో ఎన్ని ఓడలు బాగుపడి వెళ్ళినా, ఇదీ నా పని అని చూపించుకోవడానికి అతనికి ఒక్క అతుకైనా లేదు.

వెల్డింగ్ రాడ్ మార్చుకుంటూ రిచర్డ్ అరిచాడు. "బావా! నానిచ్చిన ఎడారి యుద్ధం వీడియో గేమ్ ఎలాగుంది?"

"ఏటుంది? మనోళ్ళే ముందు పరిగెత్తి అందర్నీ కాల్చేత్తారు. పెళ్ళూరేగింపులో జనరేటర్ బండి తోసేవోడిలాగ నాను ఎనకాల ఎల్తన్నాను."

"మరి మంచుకొండల గేమో?"

"అందులో ఒక్కడినే. సెవిలో రేడియో. ఆపీసులో కూకుని ఎవడో 'ఎల్లు, ఎల్లు' అంటాడు. మన సూపర్‌వైజర్‌లాగ."

ట్యాంకంతా రిచర్డ్ నవ్వు మోగింది.

"సముద్రం ఒడ్డున దిగే పాత గేమే గేమురా. నాను ఆగితే మా దళం సార్జెంటూ ఆగుతాడు. తలుపు కాడ నిలబడి ఎనక్కి తిరిగి సూత్తాడు."

"ఆ తలుపు తీసి ఆట ఎప్పుడు ముగిత్తావు? కొత్త డిస్కు తెచ్చి ఎన్నాళ్ళని దాయను?"

"తీత్తే ఆడు సచ్చిపోతాడని నువ్వే సెప్పావు కదరా."

"బొమ్మ బావా అది!"

సుందర్ రాజ్ సొంత అన్న ఇలాంటి ట్యాంకులోనే ఊపిరాడక పోయాడు. పైన ఉండాల్సినవాడు టీకి వెళ్ళాడు. ఆ సంగతి గుర్తొచ్చి కాబోలు, రిచర్డే ఈసారి ముందుగా రెండు దెబ్బలు కొట్టాడు.

మధ్యాహ్నం నుంచి సుందర్ రాజ్‌కి ఎడమ భుజం లాగడం మొదలైంది. చొక్కా చెమటతో వీపుకి అంటుకుపోయింది. కాసేపు నీడలో కూర్చుందామంటే బదులు మనిషి కావాలి, ఎవరూ అటు రాలేదు. రిచర్డ్ రెండు కాళ్ళూ డెక్కు మీద పెట్టాకే తాడు చుట్ట మీద కూలబడ్డాడు.

"మొకం అలాగైపోయిందేటి బావా?"

"కడుపులో గేస్‌రా. పద."

గాజువాకలో ఇంటికొచ్చి స్నానం చేసి, టీవీ ముందు ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నాడు. తెర మీద, కూలిన ఇంటి తలుపు పక్కన సార్జెంట్ నిలబడి ఉన్నాడు.

వంటింట్లోంచి భార్య జయమణి అడిగింది. "ఈయాలైనా ఆ తలుపు తీత్తావేటి?"

"ఆడికి కాళ్ళు నొప్పెట్టవు కదే. ఉండనీ."

చీకటిపడే వేళకి రిచర్డ్ కొత్త డిస్కు పట్టుకొచ్చాడు. అలవాటుగా వీధి తలుపు మీద రెండుసార్లు కొట్టాడు. జయమణి బజారుకెళ్ళింది; లోపల్నుంచి జవాబు రాలేదు. మళ్ళీ కొట్టి, తలుపు తోశాడు. బావ తల కుర్చీ వీపు మీదకి వాలి ఉంది. సార్జెంట్ మాత్రం వెనక్కి తిరిగి అతనికేసే చూస్తున్నాడు.

మట్టి చేసి వచ్చిన మర్నాడు రిచర్డ్ ఆట మొదలుపెట్టాడు. అదే వీధి, అదే తలుపు. బొటనవేలు మీట మీద పెట్టి చాలాసేపు కూర్చున్నాడు.

"ఏటిరా, ఆడవా?" అంది జయమణి.

"ఉండనీ అక్కా."

టీవీ ఆపి, జాయ్‌స్టిక్‌ని బావ కుర్చీలోనే పెట్టాడు. చెమటకి జారకుండా దాని ఎడమ పిడికి చుట్టిన సైకిల్ ట్యూబు ముక్క, బావ బొటనవేలు ఆనిన చోట పల్లం పడి నున్నగా మెరుస్తోంది.