చెంబెడు గోదావరి

పాలకొల్లు బజారులో కిరాణా కొట్టు నడిపే కాశీవిశ్వనాథంగారికి ఆ వేసవిలో రెండు సంగతులు బొత్తిగా అర్థం కాలేదు. ఏడో నెల కడుపుతో ఉన్న కోడలు సత్యశ్రీకి కామెర్లు ఎలా వచ్చాయన్నది ఒకటి. అవే కామెర్లు బజారులో ఇంకో ఆరుగురికి ఎందుకొచ్చాయన్నది రెండోది. రెండూ ఒకటే సంగతి కావచ్చునని తోచేంత స్థిమితం ఆయనకి లేదు.

సత్యశ్రీని ఆస్పత్రిలో చేర్చి మూడు రోజులైంది. మామూలు మనిషికైతే కొన్నాళ్లు పడుకుంటే తగ్గిపోయే జబ్బేననీ, కడుపుతో ఉన్నవాళ్లకి మాత్రం తల్లికీ బిడ్డకీ ప్రాణం మీదికొస్తుందనీ డాక్టరుగారు చెప్పారు. ఆ మాట కొడుకు సాయిరామ్ ఫోన్లో చెప్పాడు.

"మందేం ఇస్తున్నార్రా?"

"దీనికంటూ వేరే మందు లేదట నాన్నా. సెలైన్ పెట్టి కనిపెట్టుకుని ఉంటున్నారు."

"మందు లేని జబ్బేంటిరా? నేను పసరు తెస్తాను."

"వద్దు నాన్నా! లివరు ముందే దెబ్బతింది, పసరు పొయ్యొద్దని డాక్టరుగారు మరీ మరీ చెప్పారు."

విశ్వనాథంగారికి బుర్ర తిరిగిపోయింది. మందు లేదంటారు, ఉన్న మందు వద్దంటారు. కోపం ఎవరి మీద చూపించాలో తెలీక, వెళ్లి సెంటర్లో పానీపూరీ బండివాణ్ణి కడిగేసి వచ్చారు. సత్యశ్రీ ఆ బండి దగ్గరికే వెళ్లదని తిరిగొచ్చేటప్పుడు గుర్తొచ్చింది. వెనక్కెళ్లి ఆ మాట చెప్పడానికి మొహం చెల్లలేదు.

మర్నాడు పొద్దున్నే గవర్నమెంటు నర్సు, ఏఎన్ఎమ్ రెబెక్కా పుస్తకం పట్టుకుని వచ్చింది. జబ్బుపడ్డ మిగతా ఆరుగురి ఇళ్లకీ తిరిగిందట. ఆటో బంగార్రాజు, పూలమ్మే లోవలక్ష్మి, అందరినీ ఎక్కడెక్కడ నీళ్లు తాగారో అడిగిందట.

"అందరూ మీ చలివేంద్రం పేరే చెప్పారండి," అంది నెమ్మదిగా.

విశ్వనాథంగారికి కోపం కూడా రాలేదు. అంత అసంభవంగా తోచింది ఆ మాట. ఆ చలివేంద్రం వాళ్ల నాన్న వెంకటరత్నంగారు పెట్టింది. ఏటా ఉగాదికి కొట్టు ముందు తాటాకు పందిరి వేసి, ఇసకలో నాలుగు కొత్త కుండలు దించి, తడిగుడ్డలు చుడతారు. పూర్వం కాలువ నీళ్లు తెచ్చి, మురికి అడుక్కి దిగేలా చిల్లగింజ అరగదీసి కలిపి తేర్చేవారు. ఇప్పుడు అన్నీ వాటర్ ప్లాంటు టిన్నులే.

"టిన్నులు చూడమ్మా. సీలు నేనే తీస్తాను. కుండలు నేనే కడుగుతాను. గరిటెతో తప్ప చెయ్యి ముంచనివ్వను. రోజూ నేనూ తాగుతున్నానే, నాకేం రాలేదే?"

"చిన్నప్పుడే వచ్చిపోయి ఉండొచ్చండి. చాలామందికి వచ్చినట్టే తెలీదు. పైగా ఈ జబ్బు ఇవాళ తాగితే రేపు బయటపడదు, నెలో, నెలా పదిరోజులో పడుతుంది. వీళ్లు తాగింది ఏప్రిల్లో."

ఏప్రిల్లో తాగితే మే ఆఖర్న జబ్బేంటి? ఏడుగురికొచ్చి వందమందికి రాకపోవడమేంటి? ఆవిడ చెప్పేకొద్దీ ఆయనకి ఇంకా అయోమయమైంది. "సరే, నీ ఇష్టమొచ్చినన్ని సీసాల్లో పట్టుకెళ్లి పరీక్ష చేయించుకో," అని తన పని తాను చూసుకోబోయారు. మూడు కుండలు నిండాయి, నాలుగోది నిండింది. గూట్లోంచి రాగిచెంబు తీసి, ఒక్కో కుండలో కాస్త కాస్త వంచారు.

"అదేంటండి?" అంది రెబెక్కా.

"ఏది?"

"ఆ చెంబులో నీళ్లు."

"అవి నీళ్లు కాదమ్మా," అన్నారాయన మామూలుగా, "గోదావరి."

రెబెక్కా పుస్తకం మూసేసింది. ఆయన చెప్పుకుపోయారు. తన గుమ్మంలో దాహం తీర్చుకున్నవాడు గోదావరి తాగి వెళ్లాలని నాన్నగారి మాట. టిన్నులొచ్చాక ఆ మాట పోతుందేమోనని, రోజూ తెల్లారే గోదావరి కాలవరేవుకెళ్లి చెంబెడు తెచ్చి కలుపుతున్నారు. పదేళ్లుగా ఒక్కరోజు తప్పలేదు.

"ఏప్రిల్లో కాలువలకి నీళ్లు కట్టేశారు కదండి," అంది రెబెక్కా. "రేవులో నిలవున్నవే తెస్తున్నారా?"

"నిలవున్నా గోదావరే కదమ్మా."

"ఊళ్లో మరుగుదొడ్ల నీళ్లన్నీ అందులోకే వస్తాయండి. పారేటప్పుడు కొంత కొట్టుకుపోతుంది, ఇప్పుడు అక్కడే ఉంటుంది. జబ్బున్నవాళ్ల నుంచి వచ్చింది కాస్త కలిసినా చాలు. తేరినట్టు కనిపిస్తే శుభ్రమైనట్టు కాదు. కాచాలి, సలసలా మరగాలి."

ఆయన చెంబులోకి చూశారు. నీళ్లు అద్దంలా ఉన్నాయి. అడుగున నలుసు కూడా లేదు. ఏం చూడాలో తెలీక అలాగే చూస్తూ నిలబడ్డారు. అప్పుడు గుర్తొచ్చింది. దానమిచ్చే నీళ్లు ముందు ఇంటి మనిషి తాగి చూపించాలి, అది వాళ్ల ఆనవాయితీ. ఈ ఏడు ఇంట్లో కడుపు పండిందని, ఆ తొలి గ్లాసు రోజూ కోడలికి ఆయనే తీసుకెళ్లి ఇచ్చారు. ఆ పిల్ల గల్లా దగ్గర నుంచి లేచి నిలబడి, రెండు చేతులతో పుచ్చుకుని తాగేది.

నాలుగు కుండలూ ఆయనే బోర్లించేశారు. ఇసకంతా తడిసి ముద్దయింది. దారినపోయే ఒకాయన ఆగి "మంచినీళ్లు లేవా అండి?" అనడిగితే, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి "లేవండి" అన్నారు.

మరో నాలుగు రోజులకి సాయిరామ్ ఫోన్ చేశాడు. "మాట్లాడుతోంది నాన్నా. బిడ్డ గుండె కూడా బాగానే కొట్టుకుంటోందట. గండం గడిచినట్టేనంటున్నారు. ఇక్కడి నీళ్లు వెగటుగా ఉన్నాయట, మన చలివేంద్రం నీళ్లు మిమ్మల్ని తెమ్మంటోంది."

ఆయన పొయ్యి మీద గిన్నె పెట్టారు. నీళ్లు మరిగాయి. చాలేమోనని కట్టేసి, చాలదేమోనని మళ్లీ వెలిగించారు. సీసా కడిగి, వేడినీళ్లతో మళ్లీ కడిగారు. ఇంత చేసినా, మంచం పక్కన సత్యశ్రీకి గ్లాసు అందించేముందు వెలుతురుకెత్తి మరోసారి చూశారు. ఆ పిల్ల ఇంకా పచ్చగానే ఉన్న కళ్లతో నవ్వి, రెండు చేతులా పుచ్చుకుంది. ఒక గుక్క తాగి ఆగింది.

"రుచి వేరేగా ఉంది మామయ్యగారూ. ఇవాళ గోదావరి వెయ్యలేదా?"

"లేదమ్మా," అన్నారు విశ్వనాథంగారు. అక్కడితో ఊరుకుందామనిపించింది. చెప్పకపోతే ఈ పిల్ల తన చేత్తో ఏమిచ్చినా ఇలాగే తాగేస్తుందని భయం వేసింది.

"నీకీ జబ్బు తెచ్చింది ఆ చెంబేనమ్మా. నేనే వేశాను, నేనే ఇచ్చాను," అన్నారు.

సత్యశ్రీ ఆయన మొహంలోకి చూసింది. తరవాత గ్లాసులోకి చూసింది. తాగాలో వద్దో తెలియనట్టు కాసేపు అలాగే పట్టుకుని, "ఇవి కాచారా మామయ్యగారూ?" అనడిగింది.

"రెండుసార్లమ్మా," అన్నారాయన.