జోగ గీసిన కల్లు

నేను రోట్లో కొర్రలు దంచుతున్నాను. పెరట్లో కల్లు తీసే జీలుగు చెట్టు కింద నుంచి మా అయ్య సీతయ్య అరుస్తున్నాడు.

"పల్చగ కొయ్‌రా! ఎడమకు తిరుగు! ఏంది ఆ కత్తి పట్టుడు, గడ్డి కోస్తున్నవా?"

చెట్టు మీద ఉన్నది మా అన్న జోగ. ఇరవై నాలుగేళ్లవాడు. రాజుగారి బాటపని నుంచి వస్తూ అయ్య వాగులో జారి మోకాలు విరగ్గొట్టుకున్నాక, చెట్టెక్కడం అన్న వంతైంది. గెల చివర రోజూ ఆకంత పల్చగా కోస్తేనే కల్లు కారుతుంది. మందంగా తెగితే గెల ఎండిపోతుంది.

ఇంకో నాలుగు రోజుల్లో పెళ్లిమాటకు చింతలనార్ నుంచి పిల్ల తరఫువాళ్లు వస్తున్నారు. పెళ్లికొడుకు తన చేత్తో గీసిన కల్లే వాళ్లకు పోయాలి. లేదంటే వీడింకా తండ్రిచాటు పిల్లాడేనని లేచి వెళ్లిపోతారు.

"కొయ్‌రా, చూస్తవేంది!"

అన్న గబుక్కున కత్తి లాగాడు. బెత్తెడు ముక్క తెగి కిందపడింది.

మర్నాడు కుండలో చుక్క లేదు. మా అమ్మ, ముయె, అంబలి పోస్తూ అయ్యను అడిగింది.

"మీ అయ్య నీకు చెట్టు నేర్పినప్పుడు గిట్లనే కిందుండి ఒర్లిండా?"

అయ్య చాలాసేపు అంబలి కలిపాడు. "లేదు. నీడకు పండుకునేటోడు."

ఆ సాయంత్రం అయ్య వచ్చి అన్న పక్కన కూర్చున్నాడు. "ఇంకో గెల ఉన్నదారా? ఎప్పుడు కొయ్యాల్నో నువ్వే చెప్పు." అయ్య ఆజ్ఞాపించకుండా అడగడం నేను వినడం అదే మొదలు.

"కింది గెల ఉన్నదయ్యా. నువ్వు లేనప్పుడు రసం దిగేటట్టు వారం నుంచి కొట్టి మెత్తగ చేసిన. రేపు కోస్త."

"నాకెందుకు చెప్పలే?"

"వద్దంటవని."

"నిజమే, అనేటోణ్ణే," అని అయ్య నవ్వేశాడు.

మర్నాడు అన్న చెట్టెక్కినంతసేపూ అయ్య అరుగు దిగలేదు. రెండు చేతులతో గుంజను పట్టుకుని పళ్లు బిగించి కూర్చున్నాడు.

చుట్టాలు వచ్చిన రోజు కుండ నురగతో పొంగింది. పిల్ల తండ్రి పొజ్జా, దొప్పెడు తాగి మూతి తుడుచుకున్నాడు.

"ఎవరు గీసిండ్రు?"

"నా కొడుకు," అన్నాడు అయ్య. "నాకంటె పల్చగ కోస్తడు."

పొజ్జా మళ్లీ దొప్ప చాచాడు. "అట్లయితే మా పిల్ల హుంగేను ఎప్పుడు తీస్కపోతరు?"

అమ్మ పకపకా నవ్వింది. అన్న తల దించుకున్నాడు, చెవులు మాత్రం ఎర్రబడ్డాయి. పొద్దు వాలింది, సాయంత్రం గీతకు వేళైంది. అయ్య కబుర్లలో మునిగి చెట్టు వైపు చూడనైనా చూడలేదు. అన్న కత్తి నడుముకు దోపుకుని చెట్టు దగ్గరికి నడిచాడు.