వదిన చేతులకు నిషేధం

మా అమ్మ మార్త నోటితో కంటే చేతులతోనే ఎక్కువ మాట్లాడుతుంది. మూడో అంతస్తు బాల్కనీలో నిలబడి కూరగాయల బండివాడికి వంకాయలు పుచ్చులని, తోటకూర వాడిపోయిందని చేతులతోనే చెప్పేస్తుంది. చర్చిలో నాన్న కునికిపాట్లు పడితే పక్క వరసలోంచి వేలు ఆడించి లేపుతుంది. మా అన్నయ్య స్టీఫెన్‌దీ అదే బాపతు. ఆటోనగర్‌లో మిషన్ల రొద మధ్య పొద్దస్తమానం వేళ్ళు చూపించే స్పానర్ల సైజులు చెబుతాడు.

అలాంటి ఇంట్లో మా వదిన బ్లెస్సీ చేతులు ఊపకూడదని చట్టం వచ్చింది.

ఏడాది నిండని వాళ్ళ కొడుకు ఫిన్నీగాడికి చెవులు వినపడవని డాక్టర్లు తేల్చారు. వదిన ఏడ్చింది, కళ్ళు తుడుచుకుంది, ఒక టీచరమ్మ దగ్గర సైగల భాష నేర్చుకోవడం మొదలుపెట్టింది. పాలు పట్టే ముందు పిడికిలి మూసి తెరిచి చూపించేది. కొన్నాళ్ళకి వాడూ బుల్లి పిడికిలి మూసి తెరిచాడు. పాలు కావాలన్నాడన్నమాట. వదిన ఎగిరి గంతేసింది.

అమ్మ గుండెలు బాదుకుంది. "చేతులు అలవాటైతే ఇంక నోరేం పెగులుద్దే? జనం చూస్తే మూగోడంటారు. ప్రతిష్ఠ అయ్యేదాకా నీ చేతులు కొంగు కిందే ఉండాలి!"

అన్నయ్య ఫోన్లో తల దూర్చాడు. మగమహారాజుల మౌనానికి మా ఇంట్లో ఎవరూ వైద్యం వెతకరు.

ప్రతిష్ఠ అంటే బిడ్డను చర్చిలో దేవుడికి అప్పగించే ఆరాధన. ఆ ఆదివారం అమ్మ పట్టుచీర కట్టి, మనవణ్ణి చంకనేసుకుని, వేదికెక్కి మైకు పుచ్చుకుంది. "డాక్టర్లు ఏవేవో చెప్పారండీ. మా వాడు మాట్లాడతాడండీ!" అని సాక్ష్యం మొదలుపెట్టింది. అంతలో వాడికి ఆకలేసింది. పక్కనున్న వదిన వైపు తిరిగి పిడికిలి మూసి తెరిచాడు.

"చూశారా! చెయ్యెత్తి ప్రభువుని స్తుతిస్తున్నాడు!" అంది అమ్మ. ఇంట్లో అదే సైగ చూసి గుండెలు బాదుకున్నది ఈవిడే. హాలు దద్దరిల్లింది. పాలడిగిన పిల్లాడికి హల్లెలూయ దొరికింది.

వాడు మళ్ళీ అడిగాడు. వదిన చేతులు కొంగు కిందే ఉన్నాయి. వాడి పిడికిలి గాల్లో ఆగి మెల్లగా దిగిపోయింది. వాడు తల్లిని చూడటం మానేసి ఫ్యాను వైపు చూశాడు.

వదిన ఇక ఆగలేదు. కొంగులోంచి చెయ్యి లాగి వాడి ముఖం ముందు పిడికిలి ఆడించింది. వాడు కిలకిలా నవ్వి రెండు చేతులతోనూ అడిగాడు.

"దించవే, అందరూ చూస్తన్నారు!" అమ్మ గుసగుస మైకులో హాలంతా వినిపించింది.

"దించనండీ," అంది వదిన. అదీ వినిపించింది. "ఇందాకట్నుంచీ పాలడుగుతున్నాడు అత్తయ్యా. మనం మాట్లాడకపోతే వాడికి మాటలెట్టా వస్తాయండీ?"

ఫిన్నీగాడు నాయనమ్మ బుగ్గ పట్టుకుని తన వైపు తిప్పుకున్నాడు. ఆవిడ కళ్ళ ముందే పిడికిలి మూసి తెరిచాడు.

"మిమ్మల్నే అడుగుతున్నాడండీ. జవాబు చెప్పండి."

అమ్మకి ఒక చేతిలో మనవడు, ఇంకో చేతిలో మైకు. జవాబు చెప్పాలంటే మైకు కింద పెట్టాలి. హాలంతా ఎదురుచూసింది. అమ్మ మైకు వదల్లేదు.

వదిన బిడ్డను తీసుకుంది. ఒక చేత్తో ఎత్తుకుని, రెండో చేత్తో వాడితో మాట్లాడుతూ వేదిక దిగి వెళ్ళిపోయింది.