ఐదు బారల ఇవతల

తొమ్మిదో నూలు చిలపను పిండి దండెం మీద వేసేసరికి లింగమ్మ ఎడమ చెయ్యి బరువెక్కింది. చన్నీళ్ళ వల్ల అనుకుని కుడిచేత్తో రుద్దుకుంది. రంగు బానలో ఇంకా పదకొండు ఎర్ర నూలు చిలపలున్నాయి. ఎండ ముదరకముందే జాడించకపోతే రంగు మచ్చలు కడుతుంది.

ఎమ్మిగనూరులో ఆ అద్దకం కొట్టం వెనక దిగుడుబావి మెట్ల మీద ఆమె ముప్పై ఏళ్ళుగా నూలు జాడిస్తోంది. వేళ్ళ సందుల్లో ఎరుపు పండక్కి కూడా పోదు. గోళ్ళు మెత్తబడి వంకరపోయాయి. పైకి లేచిన ప్రతిసారీ మోకాలు ఒకటి టక్కుమంటుంది. ఊళ్ళో ఆమెను తలచుకునేవాళ్ళు తక్కువ. తలచుకున్నా నూలు ఆలస్యమైన రోజునే.

"ఏం లింగక్కా!" బానలో కర్ర తిప్పుతూ పిలిచాడు అద్దకం మేస్త్రీ మాదన్న. "మీ పాప నిన్ననే గదా ఈదేది? గెలిసిందో, గోడకు తల కొట్టుకుందో!"

"కొట్టుకోదు."

"ఆడ నీ దండెం ల్యాదే!"

లింగమ్మ పదో చిలప అందుకుంది. నాలుగు రోజులుగా ఆమెను తినేస్తున్నదీ అదే.

పాప అంటే దేవకి, పక్కవీధి బడిపంతులు శ్రీపాదరావు కూతురు. ఎనిమిదేళ్ళప్పుడు ఆడుకుంటూ ఈ బావిలో పడింది. లింగమ్మ దూకి, వెల్లకిలా పడుకుని, పిల్లను రొమ్ము మీద వేసుకుని కాళ్ళతో తన్నుకుంటూ ఒడ్డుకు తెచ్చింది. పుట్టిల్లు తుంగభద్ర ఒడ్డున. అక్కడి ఆడవాళ్ళు బట్టల మూట తడవకుండా ఏరు దాటే పద్ధతే అది. ఆ పిల్ల ఏడవలేదు. "ఇంకోసారి" అంది. ఎండిన సొరకాయ బుర్ర నడుముకు కట్టి లింగమ్మ ఈత నేర్పింది. బావి నీళ్ళ రంగు అంటి పిల్ల లేత ఎరుపు తేలి ఇంటికి పోయేది, తల్లి సరస్వతీబాయి తిట్టేది.

వెల్లకిల ఈతలో ఒకటే చిక్కు, ముందున్న గోడ కనబడదు. పదేళ్ళప్పుడు దేవకి తల రాతికి కొట్టుకుని చిట్లింది. భయం పట్టుకుని, బార బారకూ తల తిప్పి చూడసాగింది. లింగమ్మ లెక్క వేసింది. తల తిప్పిన ప్రతిసారీ ఒక బార నష్టం. మర్నాడు తూర్పు గోడకు ఐదు బారల ఇవతల, బావికి అడ్డంగా దండెం కట్టి తడి చిలపలు వేసింది. "ఎరుపు కనబడినాక ఐదు బారలు వెయ్యి. ఆరోదానికి గోడ చేతికొస్తాది. తల తిప్పితివా, సొరబుర్ర మళ్ళా కట్టేస్తా." పనికీ ఆ తాడే, ఈతకూ ఆ తాడే.

ఆ పిల్లే ఇప్పుడు మద్రాసు కాలేజీ నుంచి కొలంబో పోయింది. అక్కడ దేశదేశాల ఆడపిల్లల వెల్లకిల ఈత పందెం. పోయేముందు లింగమ్మ మాదన్ననడిగి ఒక ఎర్ర చిలప తీసి చేతిలో పెట్టింది. "ఆడుండేవాళ్ళను అడిగి కట్టించుకో పాపా." కొట్టమంతా నవ్వింది. ఆమెకూ తర్వాత అనుమానం వచ్చింది. కట్టకపోతే? కట్టినా, పొడవాటి ఆ కొలనులో ఏ చోట కట్టాలో తెలియకపోతే? తన లెక్క బావి లెక్క. దాన్ని నమ్మి పిల్ల సముద్రం దాటింది.

పదిహేడో చిలప జాడిస్తుండగా శ్రీపాదరావు పంచె ఎగ్గట్టుకుని పరుగున వచ్చాడు. ఆచారం మరిచి మెట్లు దిగి, తడిలో నిలబడి తంతి కాగితం తెలుగులో చదివాడు.

"మూడో స్థానం. చిలప కట్టారు, అందరికీ. తల తిప్పలేదు. లింగమ్మకు చెప్పండి."

లింగమ్మ చేతిలోని చిలప వదలలేదు.

"ఎన్ని బారలకు కట్టినారంట అయ్యోరూ?"

"అది రాయలేదమ్మా."

ఆమె చిలపను మెలితిప్పి పిండింది. "తల తిప్పల్యాదంటే ఐదుకే కట్టినారు."

పైనుంచి మాదన్న అందుకున్నాడు. "ఎంతైనా మొదటిది రాల్యాదే అక్కా!"

"ముందర పోయిన ఇద్దరూ నా చిలప కిందనే గదా పోయినారు మాదన్నా!"

కొట్టం ఈసారీ నవ్వింది, ఆ నవ్వు వేరు. మాదన్న కర్ర పక్కన పెట్టి తలపాగా విప్పి దులిపి మళ్ళీ చుట్టుకున్నాడు. "మా బావి" అన్నాడు, ఎవరితోనో తెలియదు. శ్రీపాదరావు ఆమెకు రెండు చేతులూ జోడించి, వీధంతా చెప్పడానికి వెళ్ళిపోయాడు.

లింగమ్మ మిగిలినవీ జాడించింది. ఇరవయ్యోది దండెం మీద వేసి, చివరలు సమంగా లాగింది. ఎడమ చెయ్యి ఇప్పుడు అసలు లేవడం లేదు. మూడో మెట్టు మీద కూచుని, కాళ్ళు నీళ్ళలో పెట్టి, వెనక రాతికి ఆనుకుంది.

"లింగక్కా, సంగటి సల్లారిపోతాంది!"

రెండుసార్లు పిలిచి మాదన్న దిగి వచ్చాడు. ఆమెలో ఊపిరి లేదు. కళ్ళు తెరిచే ఉన్నాయి, పైన ఎరుపును చూస్తూ. తల పక్కకు వాలలేదు.

సాయంత్రానికి పందొమ్మిది చిలపలు మగ్గాలకు పోయాయి. ఇరవయ్యోదాన్ని మాదన్న ఎవరినీ తియ్యనివ్వలేదు. తూర్పు గోడకు ఐదు బారల ఇవతల అది అలాగే వేలాడుతూ, చుక్క తర్వాత చుక్క బావిలో వదులుతోంది.