వియ్యాలవారింట్లో దుప్పటి మూట

ఆ ఆదివారం మా ఆవిడ శ్యామసుందరికి ఒక్కటే బెంగ: వియ్యాలవారి ముందు మేము తక్కువైపోకూడదు. మా అబ్బాయి సుమంత్ పెళ్ళాడతానంటున్న మరైకె డచ్చి వాళ్ళమ్మాయి. తల్లీతండ్రీ లేని ఆ పిల్లను పెంచింది అమ్మమ్మే. ఆవిడను మొదటిసారి చూడబోతున్నాం. మేముండే పాయింట్ కుక్ నుంచి గంటన్నర ప్రయాణం, సుమంత్ కారు నడుపుతుంటే మా ఆవిడ పట్టుచీరలో, వడ్డాణంలో ఊపిరి బిగబట్టి కూర్చుంది. ఆస్ట్రేలియా వచ్చాక ఆ వడ్డాణం కాస్త బిగుతైంది.

కారు దిగాక తెలిసింది, ఆ అమ్మమ్మగారికి పెట్టాల్సిన కంచిపట్టు చీర ఇంట్లోనే ఉండిపోయిందని. చేతిలో మిగిలింది కాజాల డబ్బా ఒక్కటే. అదీ పాకం కారకుండా పాత బందరు అద్దకం దుప్పట్లో మూటగట్టింది.

"ఒక్క బ్యాగ్ పెట్టడం రాదటండీ మీకు? ఈ మూట పట్టుకుని లోపలికెలా వెళ్ళను? ప్రెస్టీజంతా పోయింది!"

నువ్వు పెట్టావనుకున్నాను అనబోయి, గుమ్మం ముందు గొడవెందుకని బెల్లు నొక్కాను.

తలుపు తీసిన ముసలావిడ పట్టుచీర చూడలేదు, వడ్డాణం చూడలేదు. మూటకేసి వేలు చూపించి, "సిట్స్!" అంది.

మా ఆవిడ గబగబా లోపలికెళ్ళి సోఫాలో కూర్చుంది.

"సిట్స్! సిట్స్!" అంటూ ముసలావిడ వెంటపడింది.

"కూర్చున్నాగా! ఇంకెలా సిట్ అవ్వాలి? మీరూ కూర్చోండి, మీ గురించేమో," అని మా ఆవిడ నన్ను లాగింది.

లోపల్నుంచి వచ్చిన మరైకె పగలబడి నవ్వింది. సిట్స్ అంటే డచ్చిలో ఆ అద్దకం బట్ట పేరట. గోడమీద అద్దాల చట్రంలో పాతకాలపు ఆడవాళ్ళ జాకెట్టు ఉంది. ఎర్రటి గుడ్డ, దానిమీద అచ్చు మా దుప్పటి మీది తీగ.

"మూడొందల ఏళ్ళ కిందట మీ తీరం నుంచి ఓడల్లో వచ్చేది," అంది అమ్మమ్మ. "మా ఊళ్ళో ఒంటినిండా సిట్స్ ఉంటే ఓడ కెప్టెన్ భార్య అని లెక్క. లేనివాళ్ళు ముందు మాత్రం అది కుట్టించుకుని, వీపుకి ముతకగుడ్డ వేసేవాళ్ళు. ఇది మా ముత్తవ్వలది. అద్దంలో ఎందుకు బిగించామంటారు? వెనక ఎవరూ చూడకుండా!"

తర్వాత మా ఆవిణ్ణి అడిగింది, "మీ ఊళ్ళో దీన్ని ఎవరు తొడుక్కుంటారు?"

మా ఆవిడ పట్టుచీర కొంగు సవరించుకుంది. ఏ జమీందారిణి పేరు చెబుతుందోనని నేను చూస్తుండగానే సుమంత్ అనేశాడు: "ఇట్స్ ఎ బెడ్‌షీట్, గ్రానీ. దానిమీద పడుకుంటాం."

మా ఆవిడ మొహం మాడిపోయింది.

అమ్మమ్మ కళ్ళు పెద్దవయ్యాయి. "ఇంత సిట్స్... పడుకోవడానికా?" అంది. ఆవిడ చెయ్యి తన వెలిసిపోయిన స్వెట్టర్ గుండీలు సర్దుకుంది. "మరైకే, ఆ కప్పులొద్దు. మంచి కప్పులు తీసుకురా!"

గెలిచిన ఆనందం మా ఆవిడ మొహంలో అరనిమిషం కూడా నిలవలేదు. ఎదుటి మనిషి ముందు తగ్గిపోతామన్న బెంగ ఎలా ఉంటుందో దారంతా తనే అనుభవించిందిగా. లేచి మూట విప్పింది. పాకం మరక లోపలికి పోయేలా మడిచి, దుప్పటిని ముసలావిడ భుజాల చుట్టూ కప్పింది.

"వేసుకోండి పిన్నిగారూ," అంది తెలుగులోనే, "వీపుకి కూడా వస్తుంది."