ఆకురాయి మార్కు

ఇంగ్లండు నుంచి వచ్చిన కాగితం మీద ఆరు వరుసలే ఉన్నాయి. ఐదో వరుస మూడుసార్లు చదివాను.

"ఏంటి బాబాయి గారూ, ఏమన్నా తేడానా?" అన్నాడు కోటేష్.

"కళ్ళజోడు మార్చాలి. అక్షరాలు సరిగా ఆనడం లేదు," అన్నాను.

అది ఆ రోజు నేనాడిన మొదటి అబద్ధం.

2001 మార్చి. బ్రాడీపేటలో మా ముందుగది. బ్రేక్ ఇన్‌స్పెక్టరుగా రిటైరై అప్పటికి ఏడాది దాటింది. అయినా పాత బండి కొనేవాళ్ళు ముందు నా దగ్గరికే తెచ్చేవాళ్ళు. యలమంద గారు నంబరు వంక ఒక్కసారి చూస్తే చాలు, బండి జాతకం చెప్పేస్తారని పేరు. ఆ పేరు ఎలా వచ్చిందో గోడకు పటం కట్టించి పెట్టుకున్నాను. 1977 నాటి పేపరు కటింగు. 'నంబరు దొంగను పట్టిన ఇన్‌స్పెక్టర్' అని హెడ్డింగు. ఫొటోలో ఎం.జి. కారు, రెండే సీట్ల బ్రిటిష్ స్పోర్ట్స్ కారు. దాని బానెట్ మీద చెయ్యి వేసి నవ్వుతూ నేను. పక్కనే ఇద్దరు కానిస్టేబుళ్ళ మధ్య తల వంచుకుని మెకానిక్ మార్కు.

ఆ కారు ఇప్పుడు కోటేష్‌ది. వాళ్ళ నాన్న బుల్లయ్య పొగాకు కంపెనీ దొర దగ్గర ముచ్చటపడి కొన్నాడు. పేపర్లో పడ్డాక దాన్ని కొనేవాడు లేక నల్లపాడు అవతల వాళ్ళ రేకుల షెడ్డులో ఇరవై నాలుగేళ్ళు పడి ఉంది. బుల్లయ్య పోయాడు. ఈమధ్య చెన్నై నుంచి పాత కార్ల పిచ్చి ఉన్న ఆసామి ఒకాయన వచ్చి బండి చుట్టూ మూడుసార్లు తిరిగాడట. ఇది ఫ్యాక్టరీలో ఏ నెలలో తయారైంది, ఏ ఇంజనుతో, ఏ రంగుతో బయటికి వచ్చింది, అన్నీ తేల్చమన్నాడట. పుట్టినప్పటి నంబర్లు ఇప్పటికీ బండి మీద ఉంటేనే తీసుకుంటానన్నాడట.

కోటేష్ కూతురు భవ్య ఇంజనీరింగ్ చదువుతోంది. బానెట్ సందులోంచి టార్చి వేసి, ఇంజను మీద రాగి బిళ్ళలో ఉన్న నంబరు రాసుకుని, ఇంటర్నెట్ సెంటర్లో కూర్చుని ఇంగ్లండులోని పాత కార్ల సంఘానికి మెయిలు కొట్టింది. ఫ్యాక్టరీ రిజిస్టర్లన్నీ వాళ్ళ దగ్గర భద్రంగా ఉన్నాయట. పది రోజుల్లో జవాబు వచ్చింది.

తయారీ: 1952 ఫిబ్రవరి. రంగు: ఆకుపచ్చ. ఇంజను నంబరు: 15120. చాసిస్ నంబరు: 14736. బాడీ నంబరు: 84417. పంపిన చోటు: మద్రాసు.

"సి-బుక్కులో చాసిస్ నంబరు వేరే ఉందండీ," అన్నాడు కోటేష్, బండి రిజిస్ట్రేషన్ పుస్తకం చూపిస్తూ. "అంటే ఆ ఆకురాయి మార్కుగాడు గీకి మార్చిన మాట నిజమేగా?"

మార్కును మా చుట్టుపక్కల అందరూ పిలిచే పేరు అదే. చాసిస్ మీద, అంటే బండి అడుగునుండే ఇనప ఫ్రేము మీద ఉన్న నంబరును ఆకురాయితో అరగదీసి, దొంగ నంబరు కొట్టాడని నేను రాసిన రిపోర్టు వల్ల వచ్చిన పేరు.

"అలాగే ఉంది," అన్నాను. రెండో అబద్ధం.

భవ్య ఒప్పుకోలేదు. "ఇక్కడ కూర్చుని ఎలా చెప్తారు తాతగారూ? ఫ్రేము మీద ఏముందో చూస్తే తేలిపోద్దిగా. పదండి."

ఆటోలో కూర్చున్నాక కోటేష్ తాపీగా అన్నాడు. "మార్కును కూడా రమ్మన్నానండి. ఆ బానెట్ విరక్కుండా తియ్యడం ఆయనకే తెలుసు. మా నాన్న ఉన్నన్నాళ్ళూ గడప తొక్కనివ్వలేదనుకోండి."

దిగిపోదామనుకున్నాను. ఒంట్లో బాగాలేదని చెబితే సరిపోయేది. దిగలేదు. నేను లేనిచోట మార్కు నోరు విప్పుతాడని భయం.

షెడ్డులో ఒకపక్క మిర్చి టిక్కీలు, అంటే ఎండుమిర్చి కుక్కిన గోతాలు, పైకప్పుదాకా పేర్చి ఉన్నాయి. అడుగు పెట్టగానే ముగ్గురం తుమ్మాం. మార్కు తుమ్మలేదు. కారు పక్కన గోనెపట్టా మీద కూర్చుని ఉన్నాడు. అరవై అయిదేళ్ళు ఉంటాయి. నన్ను చూసి లేచాడు.

"దండాలండి ఇనస్పెక్టరు గారూ."

కుడిచేతి రెండు వేళ్ళు ముడవకుండా కర్రల్లా నిలబడ్డాయి. పోలీసు స్టేషన్లో పెట్టిన ఆ మూడు రోజుల తర్వాత అవి అలాగే ఉండిపోయాయని విన్నాను. చూడటం అదే మొదలు. ఈ ఇరవై నాలుగేళ్ళలో నల్లపాడు వైపు పని పడితే చుట్టూ తిరిగి వెళ్ళేవాణ్ణి.

మార్కు ఎడమచేత్తోనే గొళ్ళేలు వదులు చేసి బానెట్ ఎత్తాడు. బండికి బుల్లయ్య పసుపు రంగు వేయించాడు. భవ్య డోరు అంచున తాళంచెవితో గీకితే లోపల ఆకుపచ్చ కనిపించింది.

"రంగు సరిపోయింది! ఇంజను నంబరు నేనే చూశాను, అదీ సరిపోయింది. ఇక చాసిస్. ఎక్కడుంటది మార్కు తాతా?"

"ముందు ఎడమ చక్రం పక్కన, ఫ్రేము కొసన ఉంటదమ్మా. కింద దూరాలి. ఈ వయసులో నేను దూరలేను." నా వైపు చూడకుండా అన్నాడు. "ప్రింటు తియ్యడం వచ్చా? నంబరు మీద పల్చటి కాగితం పెట్టి పెన్సిలు రుద్దాలి. ఎట్లా ఉన్నది అట్లా దిగుద్ది. కాగితం అబద్ధం చెప్పదు."

కాగితం, పెన్సిలు, కిరసనాయిలు గుడ్డ ముందే సిద్ధంగా పెట్టుకున్నాడు. భవ్య చున్నీ నడుముకు చుట్టి కిందికి దూరింది. గుడ్డతో తుడుస్తున్న చప్పుడు, ఆ తర్వాత పెన్సిలు గరగర. బయటికి వచ్చేసరికి మోచేతులు, మోకాళ్ళు నల్లగా ఉన్నాయి. రెండు నిమిషాలు కూడా పట్టలేదు. ఆ రెండు నిమిషాలూ నేను చేతి వాచీనే చూస్తున్నాను.

"ఒకటి, నాలుగు, ఏడు, మూడు, ఆరు," చదివింది. "నాన్నా! ఇంగ్లండువాళ్ళు రాసిందీ ఇదే. అంటే ఇది ఫ్యాక్టరీలో కొట్టిన నంబరే. ఎవరూ ఏమీ గీకలేదు."

కోటేష్ సి-బుక్కు తెరిచాడు. "మరి ఇందులో 84417 ఎక్కణ్ణుంచి వచ్చిందే?"

భవ్య ఇంగ్లండు కాగితం మీద వేలు పెట్టి కిందికి జరుపుతూ వచ్చింది. ఐదో వరుస దగ్గర వేలు ఆగింది. లేచి, తెరిచిన బానెట్‌లోకి తల పెట్టి వెతికింది. ఇంజను వెనక రేకుగోడకు ఒక చిన్న పలక బిగించి ఉంది. దాని మీద 84417.

"ఇది బాడీ నంబరు! బాడీ కట్టినవాళ్ళు వేసుకునే నంబరు. దీన్ని చాసిస్ నంబరని బుక్కులో ఎవరో ఎక్కించారు." నా వైపు తిరిగింది. "ఎవరు ఎక్కించారు తాతగారూ?"

ముగ్గురి చూపూ నా మీదే ఉంది.

"మా ఆఫీసులో గుమాస్తా ఒకడుండేవాడు, నన్నే సాహెబ్ అని. వాడే అయ్యుంటాడు," అన్నాను. "పాపం, పోయాడులే."

మూడోది. చచ్చినవాడి మీద వేశాను.

"నన్నే సాహెబ్ గారు ఆ రోజు రాలేదండి," అన్నాడు మార్కు. గొంతులో కోపం లేదు. ఇంజను ట్రబులు చెబుతున్నట్టు చెప్పాడు. "అరవై ఎనిమిది, శ్రావణమాసం. దొర ఇచ్చిన మద్రాసు బుక్కును చెదలు కొట్టేస్తే కొత్తబుక్కు కోసం బండిని మీ ఆఫీసుకు తెచ్చాం. డొంకంతా నల్లరేగడి బురద. బండి సగందాకా మునిగి వచ్చింది. నేనే తోలుకొచ్చా. మీరొక్కరే బండి దగ్గరికి వచ్చారు. తెల్ల ప్యాంటు వేసుకున్నారు."

టెర్లిన్ ప్యాంటు. పెళ్ళికి మామగారు కుట్టించినది. ఉద్యోగంలో చేరి పన్నెండు రోజులు.

"నంబరు కిందుందండీ, నేను తుడిచి ప్రింటు తీసిస్తానండీ అన్నాను. 'నాకు చెప్పేవాడివా నువ్వు' అన్నారు. బానెట్ ఎత్తి పైనున్న పలక చూసి రాసుకుపోయారు."

"అదే మాట పోలీసులకి చెప్పలేదా?" అంది భవ్య.

"మూడు రోజులు అదే చెప్పానమ్మా."

మార్కు అంతవరకే చెప్పాడు. ఆ తర్వాతది నాకొక్కడికే తెలుసు.

1977లో బుల్లయ్య ఈ కారును కనిగిరి ఆయనకు అమ్మబోయాడు. బుక్కు మార్పించడానికి మార్కు బండిని శుభ్రంగా కడిగి, ప్రింటు తీసి ఆఫీసుకు తెచ్చాడు. బదిలీల మీద అన్నిచోట్లా తిరిగి నేను మళ్ళీ అదే ఆఫీసుకు వచ్చి ఉన్నాను. ప్రింటు మీద ఒక నంబరు, బుక్కులో ఇంకో నంబరు. బుక్కులో అక్షరాలు నావి. చూసిన నిమిషంలోనే నాకు అర్థమైంది. తప్పు దిద్దాలంటే పైకి రాయాలి. ప్రమోషను లిస్టులో నా పేరు ఉంది. అప్పటికే బుల్లయ్య పక్కన నిలబడి అరుస్తున్నాడు, "ఏరా, నా బండి నంబరు మార్చావా" అని. ఎవరూ అడగకముందే దారి దొరికింది. 'చాసిస్ నంబరు అరగదీసి మార్చినట్టు కనిపిస్తున్నది' అని రాసి సంతకం పెట్టాను. ఆకురాయి గీతలు ఉన్నాయని కూడా రాశాను. ఆ రోజు కూడా నేను కింద దూరి చూడలేదు.

ఆ నెలలోనే పేపర్లో ఫొటో పడింది. ఏడాది తిరక్కుండా ప్రమోషను వచ్చింది. కేసు రుజువు కాక కొట్టేశారు. కానీ మార్కు షెడ్డుకు మళ్ళీ ఒక్క బండి రాలేదు. మిర్చి కల్లాల్లో కూలికి పోయాడు.

"నేనే," అన్నాను. "రెండుసార్లూ నేనే. రెండోసారి తెలిసే రాశాను."

కోటేష్ తల పట్టుకుని మిర్చి టిక్కీ మీద కూలబడ్డాడు. "మా నాన్న ఈయన్ని బజార్లో చెప్పుతో కొట్టాడండీ. నేను అక్కడే ఉన్నాను. పదిహేనేళ్ళు నాకు." లేచి సి-బుక్కు మూశాడు. "సరే, అయ్యిందేదో అయ్యింది. బాబాయి గారూ, పొరపాటున పడిందని ఒక ఉత్తరం రాసిచ్చెయ్యండి. బుక్కు సరిచేయించుకుంటాను. మార్కూ, నువ్వూ మనసులో పెట్టుకోబాక."

"నాన్నా, నువ్వు ఊరుకో," అంది భవ్య.

నేను మార్కు దగ్గరికి వెళ్ళాను. "క్షమించు మార్కూ."

ఆయన కిరసనాయిలు గుడ్డ మడతపెడుతున్నాడు. ముడవని వేళ్ళతో అది నాలుగు మడతలు పడటానికి చాలాసేపు పట్టింది.

"నన్ను దొంగని ఊరంతటి ముందర అన్నారు," అన్నాడు. "ఇప్పుడు రేకుల షెడ్డులో చెప్తే ఎట్టండి? మా అమ్మాయి హెలెన్ స్కూల్లో టీచరు. ఈ రోజుకీ పిల్లలు వెనకనుంచి ఆకురాయి టీచరంటారు. వాళ్ళకెవరు చెప్తారు?"

మడతపెట్టిన గుడ్డ పక్కన పెట్టి మార్కు నా వైపు తిరిగాడు.

"మీ ఇంట్లో గోడకి నా ఫొటో ఉందటగా?"

తల ఊపాను.

"మా పెళ్ళికి ఫొటో తీయించుకోలేదండి. వయసులో ఉన్న నా ఫొటో అదొక్కటే. మీ ఇంట్లో ఉంది."

ఆదివారం ఆరాధన అయ్యాక నల్లపాడు చర్చి ముందు నిలబడ్డాను. ముందు రోజే వెళ్ళి పాస్టరు గారిని అడిగాను. ఆయన నన్ను లోపలికి రమ్మనలేదు, వద్దనలేదు. "బయట అరుగు మీద నిలబడి చెప్పుకోండి. ఉండేవాళ్ళు ఉంటారు," అన్నాడు.

అందరూ ఉన్నారు. భవ్య అందరికీ ముందే చెప్పింది. స్కూలు పిల్లలు కూడా వచ్చి గోడ ఎక్కి కూర్చున్నారు. కోటేష్ రాలేదు.

సంకలో పటం. చేతిలో ఇంగ్లండు కాగితం, భవ్య తీసిన ప్రింటు. ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ ఎందరి ముందో గొంతెత్తి మాట్లాడాను. ఆ అరుగు మీద కాగితం చూసి చదవాల్సి వచ్చింది. మొదట నంబర్లు చదివాను. బుక్కులో నంబరు, బండి మీద నంబరు, ఫ్యాక్టరీ రిజిస్టరులో నంబరు. తర్వాత బురద గురించి, ప్యాంటు గురించి చెప్పాను. ప్రమోషను గురించి చెప్పాను. "మార్కు ఏ నంబరూ మార్చలేదు. ఆయన చేతిలో ఆకురాయి లేదు. నేనే అబద్ధం రాశాను," అన్నాను. నన్నే సాహెబ్ పేరు షెడ్డులో వాడుకున్న సంగతి కూడా చెప్పాను.

 

హెలెన్ మెట్లెక్కి వచ్చి నా చేతిలోని పటం తీసుకుంది. హెడ్డింగు చదవలేదు. అద్దం మీద బొటనవేలితో తండ్రి ముఖం ఉన్నచోట తుడిచింది. "ఇంత సన్నగా ఉండేవాడా మా నాన్న," అని మాత్రం అంది. మార్కు చెప్పుల కోసం వెతుక్కుంటున్నట్టు వంగి ఉన్నాడు.

మెట్టు మీద ఒక ముసలామె కూర్చుని ఉంది. పుల్లమ్మ, మార్కు భార్య. చెంగుతో కళ్ళు ఒత్తుకుని, నన్ను పైనుంచి కిందిదాకా చూసింది. నా ప్యాంటు దగ్గర ఆమె చూపు ఆగింది. ఆ రోజు కూడా తెల్లదే వేసుకున్నానని అప్పుడు గుర్తొచ్చింది నాకు.

"ప్యాంటు మాసిపోద్దనా అయ్యా?" అంది.

"అవునమ్మా," అన్నాను.